నూస్

నూస్ అనేది ప్రాచీన గ్రీకు భాషకు చెందిన ఒక నామవాచకం. సందర్భాన్ని బట్టి దీనికి మనస్సు, బుద్ధి, గ్రహింపు, వివేకం, ఉద్దేశం అనే అర్థాలు ఉన్నాయి. గ్రీకు తత్వశాస్త్రంలో ఈ పదం ప్రధానంగా సత్యాన్ని నేరుగా, తర్కపు మెట్లు అవసరం లేకుండా గ్రహించే శక్తిని సూచిస్తుంది. కొందరు తత్వవేత్తలు మానవునిలోని ఈ శక్తికే కాక, విశ్వాన్ని క్రమబద్ధం చేసే మూలతత్వానికి కూడా ఇదే పేరు పెట్టారు.

హోమర్ కావ్యాల నుండి నేటి గ్రీకు వాడుక వరకు ఈ పదానికి సుమారు 2,700 సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఈ కాలంలో దాని అర్థం పలుమార్లు మారింది. అందువలన ఏ ఒక్క తెలుగు పదమూ దీనికి అన్ని చోట్లా సమానార్థకం కాజాలదు. మరణానంతరం మనిషిలో మిగిలేది ఏమైనా ఉన్నదా, ఉంటే అది ఆ వ్యక్తికే చెందినదా, లేక అందరికీ ఉమ్మడిదా అన్న ప్రశ్న చాలా కాలం పాటు ఈ పదపు వ్యాఖ్యానంపై ఆధారపడి ఉండినది.

వ్యుత్పత్తి మరియు రూపాలు

హోమర్ వాడిన అయోనిక్ మాండలికంలో ఈ పదం "నోఓస్" అనే రూపంలో కనిపిస్తుంది. ఏథెన్సు నగరపు అట్టిక్ మాండలికంలో రెండు అచ్చులు కలిసిపోయి "నూస్" అయినది. ఆంగ్లంలో దీనిని బ్రిటిష్ వారు "నౌస్" అని, అమెరికన్లు ఎక్కువగా "నూస్" అని ఉచ్చరిస్తారు.

ఈ పదం ఏ ధాతువు నుండి పుట్టిందో నిశ్చయంగా తేలలేదు. "తిరిగి రావడం, క్షేమంగా ఇల్లు చేరడం" అనే అర్థం గల "నెస్" అనే ఇండో-యూరోపియన్ ధాతువు నుండి ఇది వచ్చినదని డగ్లస్ ఫ్రేమ్ 1978లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. గ్రీకులో "ఇంటికి తిరుగు ప్రయాణం" అనే అర్థం గల "నోస్టోస్" అనే పదం ఈ ధాతువు నుండి వచ్చినదే. ఋగ్వేదంలో అశ్వినీ దేవతలకు గల "నాసత్యులు" అనే పేరును కూడా ఆయన దీనితో ముడిపెట్టాడు. ఈ ప్రతిపాదనను భాషావేత్తలందరూ అంగీకరించలేదు.

సంస్కృతంలోని "మనస్" శబ్దానికి, నూస్ అనే పదానికి అర్థసామ్యం ఉన్నప్పటికీ ధాతుసంబంధం లేదు. మనస్ శబ్దానికి గ్రీకులో సోదరపదం "మెనోస్". అయితే హోమర్ కావ్యాలలో మెనోస్ అంటే ఆలోచన కాదు. బలం, ఆవేశం, యుద్ధోత్సాహం. దేవతలు వీరులలోకి ఊదేది ఈ మెనోస్‌నే. "మనస్సు" అనే అర్థం గల లాటిన్ పదం "మెన్స్" కూడా ఈ "మన్" ధాతువుకు చెందినదే.

సంబంధిత పదాలు

* నోఎయిన్ - గ్రహించు, ఆలోచించు అనే అర్థం గల క్రియ.
* నోఏసిస్ - గ్రహించే చర్య.
* నోఏమా - గ్రహించబడిన విషయం, భావం. ఆధునిక గ్రీకు భాషలో దీనికి "అర్థం" అని అర్థం.
* దియానోయా - ఒక విషయం నుండి మరొక విషయానికి మెట్టుమెట్టుగా సాగే ఆలోచన.
* మెటానోయా - మనసు మార్చుకోవడం, పశ్చాత్తాపం.
* పారనోయా - మతిభ్రమణం. వైద్యశాస్త్రంలోని పారనోయియా అనే పదానికి ఇదే మూలం.

హోమర్ కావ్యాలలో

ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలలో మనిషి అంతరంగానికి ఒకే పేరు లేదు. కోపతాపాలకు, కోరికలకు స్థానం థ్యూమోస్. ఆలోచనకు, భావానికి స్థానం ఫ్రేనెస్. ఇది వక్షస్థలంలో ఉంటుందని భావించేవారు. ప్రాణం పోయేటప్పుడు శరీరాన్ని విడిచిపోయేది ప్సూకే. వీటి మధ్య నోఓస్ అనేది ఎదుట ఉన్నదాని అసలు స్వరూపాన్ని, లేదా పరిస్థితి యొక్క భావాన్ని పసిగట్టే శక్తిగా కనిపిస్తుంది. కర్ట్ వాన్ ఫ్రిట్జ్ 1943లో ప్రచురించిన వ్యాసంలో ఈ అర్థాన్ని వివరంగా పరిశీలించాడు.

దీనికి కావ్యాలలో పలు ఉదాహరణలు కలవు:

* ఇలియడ్ మూడవ సర్గలో ఆఫ్రొడైటి దేవత ముసలి దాసి వేషంలో హెలెన్ వద్దకు వస్తుంది. ఆమె అందమైన మెడను చూసి హెలెన్ దేవతను గుర్తుపడుతుంది. ఇక్కడ వాడబడిన క్రియ నోఎయిన్. కన్ను వృద్ధురాలిని చూసినది, నోఓస్ దేవతను గుర్తించినది.
* ఒడిస్సీ పదిహేడవ సర్గలో ఒడీసియస్ 20 సంవత్సరాల తరువాత బిచ్చగాని వేషంలో ఇంటికి వస్తాడు. పెంటకుప్పపై పడి ఉన్న ముసలి కుక్క ఆర్గోస్ అతనిని గుర్తుపట్టి తోక ఆడిస్తుంది. ఇక్కడ కూడా కవి నోఎయిన్ క్రియనే వాడాడు. కనుక హోమర్ కాలంలో ఈ శక్తి మనుషులకే పరిమితం కాదు.
* ఒడిస్సీ పదవ సర్గలో మంత్రగత్తె సర్సీ ఒడీసియస్ అనుచరులను పందులుగా మార్చుతుంది. వారి తల, గొంతు, వెంట్రుకలు, ఆకారం మారినా నూస్ మాత్రం మునుపటిలాగే నిలిచి ఉంటుంది. హోమర్ కావ్యాలలో సంక్షిప్త రూపమైన "నూస్" కనిపించే చోటు ఇదే.
* అదే సర్గలో, మృతులలో ద్రష్ట టైరీసియస్‌కు మాత్రమే పెర్సెఫొనీ దేవత నోఓస్‌ను ప్రసాదించినదని, మిగిలినవారు నీడల వలె తిరుగుతారని సర్సీ చెబుతుంది.

ఇలియడ్ పదిహేనవ సర్గలో హేరా దేవత వేగాన్ని, అనేక దేశాలు తిరిగినవాడు "అక్కడ ఉంటే, ఇక్కడ ఉంటే" అని తలచుకొన్నప్పుడు అతని నోఓస్ ఎగిరే వేగంతో పోల్చడం జరిగినది. తెలుగులో "మనోవేగం" అనే మాట, మహాభారతంలోని యక్షప్రశ్నలలో గాలి కంటే వేగమైనది మనస్సు అన్న సమాధానం ఇదే భావానికి చెందినవి.

సోక్రటీస్‌కు పూర్వపు తాత్వికులు

క్రీ.పూ. 6వ, 5వ శతాబ్దాలలో ఈ పదం కావ్యభాష నుండి తత్వచింతనలోకి ప్రవేశించినది. హోమర్ చిత్రించిన మానవరూపులైన దేవతలను విమర్శించిన జెనోఫనీస్, ఒకే మహాదేవుడు శ్రమ లేకుండా తన నోఓస్ ఆలోచనతోనే సమస్తాన్ని కదిలిస్తాడని బోధించాడు. హెరాక్లిటస్ పాండిత్యానికి, నోఓస్‌కు తేడా చూపాడు. చాలా విషయాలు నేర్చినంత మాత్రాన నోఓస్ అలవడదని, అలవడే పక్షంలో హీసియడ్, పైథాగరస్, జెనోఫనీస్, హెకటేయస్‌లకు అలవడి ఉండేదని ఎత్తిపొడిచాడు. పార్మెనిడీస్ గ్రహింపునకు, ఉనికికి విడదీయరాని సంబంధం ఉన్నదని, లేనిదానిని గ్రహించడం అసాధ్యమని వాదించాడు.

అనాక్సాగోరస్

నూస్‌ను విశ్వతత్వంగా స్థాపించినవాడు అనాక్సాగోరస్ (సుమారు క్రీ.పూ. 500 - 428). ఇతడు ఆసియా మైనరులోని క్లాజోమెనే నగరవాసి. ఏథెన్సులో చాలా కాలం నివసించాడు. ఇతని సిద్ధాంతం ప్రకారం ఆదిలో అన్ని పదార్థాలూ కలగలిసి ఉండేవి. ప్రతి వస్తువులోనూ ప్రతి పదార్థపు భాగం ఉంటుంది. నూస్ మాత్రం దేనితోనూ కలవక, తనంతట తాను ఉంటుంది. అది అన్నిటికంటే సూక్ష్మమైనది, శుద్ధమైనది, అన్నిటినీ ఎరిగినది. ఆదిమిశ్రమంలో సుడి వంటి పరిభ్రమణాన్ని ప్రారంభించి, దట్టమైనవాటిని పలుచనివాటి నుండి, చల్లనివాటిని వేడివాటి నుండి వేరుపరచినది నూస్.

నూస్ దేనితోనైనా కలిసి ఉంటే ఆ కలయికే దానికి అడ్డుపడి, ఇతరవాటిపై అధికారం లేకుండా చేసేదని అతని వాదం. ఈ భావాలను తెలిపే అతని గ్రంథభాగాలు క్రీ.శ. 6వ శతాబ్దపు వ్యాఖ్యాత సింప్లీషియస్ రచనల ద్వారా నిలిచాయి. సమకాలికులు అనాక్సాగోరస్‌కే "నూస్" అని మారుపేరు పెట్టారు. సూర్యుడు దేవుడు కాదని, మండుతున్న రాతిముద్ద అని చెప్పినందుకు ఏథెన్సులో ఇతనిపై దైవదూషణ నేరం మోపబడినదని ప్రాచీన రచయితలు తెలిపారు. ఇతడు లాంప్సకస్ నగరంలో మరణించాడు.

ప్లేటో

ప్లేటో (సుమారు క్రీ.పూ. 428 - 348) రచించిన "ఫీడో" సంవాదంలో, మరణశిక్ష అమలుకు కొద్ది గంటల ముందు సోక్రటీస్ తన యౌవనంలోని ఒక ఆశాభంగాన్ని వివరిస్తాడు. సమస్తాన్నీ క్రమపరచేది నూస్ అని అనాక్సాగోరస్ గ్రంథం నుండి ఎవరో చదువగా విని, ప్రతిదీ ఎలా ఉంటే శ్రేష్ఠమో అలా ఎందుకు ఉన్నదో తెలుస్తుందని సోక్రటీస్ ఆశపడ్డాడు. కాని గ్రంథం చదివితే అందులో గాలి, ఆకాశం, నీరు తప్ప వేరు కారణాలు కనిపించలేదు. తాను చెరసాలలో కూర్చొని ఉండటానికి కారణం ఎముకలు, నరాలు అని చెప్పడం వంటిదే ఇది అని, అసలు కారణం పారిపోవడం కంటే శిక్షను అనుభవించడమే న్యాయమని తాను నిశ్చయించుకోవడమని సోక్రటీస్ అంటాడు. కారణాలను భౌతిక కారణాలుగా, ప్రయోజనపరమైన కారణాలుగా విడదీసే చర్చకు ఈ ఘట్టం పునాది అయినది.

ప్లేటో ఇతర సంవాదాలలో నూస్ ప్రస్తావన ఇలా ఉన్నది:

* "రిపబ్లిక్" ఆరవ భాగంలో జ్ఞానాన్ని ఒక గీతగా ఊహించి నాలుగు ఖండాలు చేశాడు. అవి నీడలను ఊహించడం, వస్తువులను నమ్మడం, గణితం వలె ఊహల ఆధారంగా ఆలోచించడం (దియానోయా), మూలసూత్రాన్ని నేరుగా గ్రహించడం (నోఏసిస్).
* "ఫీడ్రస్" సంవాదంలో ఆత్మను రెండు రెక్కల గుర్రాలను తోలే సారథితో పోల్చాడు. ఆకాశానికి ఆవలి సత్యాన్ని చూడగలిగేది ఆత్మకు చుక్కాని పట్టే నూస్ మాత్రమే.
* "టిమేయస్" సంవాదంలో సృష్టికర్త నూస్‌ను ఆత్మలోను, ఆత్మను శరీరంలోను నిలిపి ప్రపంచాన్ని నిర్మించాడు. నూస్ "అనివార్యత"ను బలవంతం చేయక, నచ్చజెప్పి తన దారికి తెచ్చుకొంటుంది. సరైన అభిప్రాయం మనుషులందరికీ ఉండవచ్చును గాని, నూస్ మాత్రం దేవతలకు, కొద్దిమంది మనుషులకు మాత్రమే ఉంటుందని ఇందులో చెప్పబడినది.

అరిస్టాటిల్

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384 - 322) అనాక్సాగోరస్‌ను మెచ్చుకొన్నాడు, విమర్శించాడు కూడా. మునుపటివారి నడుమ అతడు మత్తులేని మనిషి వలె కనిపిస్తాడని, కాని వేరే కారణం దొరకనప్పుడు మాత్రమే నాటకంలో యంత్రం మీద దేవుణ్ణి దింపినట్లు నూస్‌ను దింపుతాడని "మెటాఫిజిక్స్"లో వ్రాశాడు.

అరిస్టాటిల్ రచనలలో నూస్‌కు మూడు ముఖ్యమైన ప్రయోగాలు కలవు.

మొదటిది జ్ఞానశాస్త్రానికి సంబంధించినది. ఏ నిరూపణకైనా కొన్ని మూలసూత్రాలు కావాలి. వాటిని కూడా నిరూపించాలంటే అంతం ఉండదు. ఇంద్రియజ్ఞానం జ్ఞాపకంగా, జ్ఞాపకాలు అనుభవంగా, అనుభవం సామాన్యసూత్రంగా స్థిరపడతాయి. ఆ సూత్రాన్ని పట్టుకొనే స్థితి పేరు నూస్. యుద్ధంలో చెల్లాచెదురైన సేనలో ముందు ఒకడు నిలబడగా, తరువాత మరొకడు నిలబడి, చివరకు వ్యూహం తిరిగి ఏర్పడినట్లు ఇది జరుగుతుందని అతడు పోల్చాడు. "నికోమేకియన్ ఎథిక్స్" ఆరవ భాగంలో సత్యాన్ని చేరే ఐదు స్థితులలో నూస్ ఒకటి. మిగిలినవి టెఖ్నే (నైపుణ్యం), ఎపిస్తేమే (శాస్త్రజ్ఞానం), ఫ్రొనేసిస్ (వ్యవహార వివేకం), సోఫియా (ప్రజ్ఞానం).

రెండవది ఆత్మకు సంబంధించినది. "ఆత్మను గురించి" అనే గ్రంథం మూడవ భాగంలో నూస్‌ను ఇంకా ఏమీ వ్రాయని పలకతో పోల్చాడు. తరువాతి అధ్యాయంలో నూస్‌ను రెండు విధాలుగా విభజించాడు. ఒకటి అన్నీ తానే కాగలిగినది, రెండవది అన్నిటినీ చేయగలిగినది. చీకటిలో దాగి ఉన్న రంగులను వెలుగు కనిపింపజేసినట్లు ఈ రెండవ నూస్ భావాలను వెలికి తెస్తుంది. ఇది వేరుగా ఉండగలిగినది, మిశ్రమం కానిది, మరణం లేనిది. ఈ అధ్యాయం సుమారు 16 పంక్తులు మాత్రమే.

మూడవది దైవానికి సంబంధించినది. "మెటాఫిజిక్స్" పన్నెండవ భాగం ప్రకారం, తాను కదలక విశ్వాన్ని కదిలించే మూలకారణం నూస్ స్వరూపం. దాని ఆలోచనకు దానికంటే తక్కువ విషయం తగదు గనుక అది తన ఆలోచననే ఆలోచిస్తుంది.

వ్యాఖ్యాతల వివాదం

మరణం లేని ఆ నూస్ ఎవరిది అన్న విషయం అరిస్టాటిల్ స్పష్టంగా చెప్పలేదు. దీనిపై వ్యాఖ్యాతలు వెయ్యి సంవత్సరాలకు పైగా వాదించారు.

* క్రీ.శ. 200 ప్రాంతపు అలెగ్జాండర్ (అఫ్రోడీసియస్ వాసి) దానిని దైవంగా భావించాడు. మనిషి సొంత బుద్ధి శరీరంతో నశిస్తుందని ఇతని అభిప్రాయం.
* 4వ శతాబ్దపు థెమిస్టియస్ అది మానవ ఆత్మలోనే ఉన్నదని చెప్పాడు.
* అరబిక్ తత్వవేత్తలు నూస్‌ను "అఖ్ల్" అని అనువదించారు. అల్ ఫారాబీ (మరణం 950), ఇబ్న్ సీనా (మరణం 1037) దానిని గ్రహమండలాలను నడిపే బుద్ధులలో చివరిదైన పదవ బుద్ధిగా వర్ణించారు. అయితే ప్రతి మనిషి ఆత్మా విడిగా అమరమని ఇబ్న్ సీనా వాదించాడు.
* ఇబ్న్ రుష్ద్ (1126 - 1198) తన పెద్ద వ్యాఖ్యానంలో, భావాలను స్వీకరించే బుద్ధి సైతం మానవులందరికీ ఒక్కటే అని ప్రతిపాదించాడు.

ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలు 13వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదింపబడినప్పుడు పారిస్ విశ్వవిద్యాలయంలో పెద్ద వివాదం చెలరేగినది. అందరి బుద్ధీ ఒక్కటే అయితే మరణానంతరం వ్యక్తిగతంగా మిగిలేది ఏదీ ఉండదు. అప్పుడు పాపపుణ్యాలకు ప్రతిఫలం పొందేది ఎవరు అన్న ప్రశ్న తలెత్తుతుంది. థామస్ అక్వినాస్ 1270లో ఈ మతాన్ని ఖండిస్తూ ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. ఆలోచించే శక్తి నాలో లేకపోతే "ఈ మనిషి ఆలోచిస్తున్నాడు" అన్న మాటకే అర్థం ఉండదన్నది అతని ప్రధాన వాదం. అదే సంవత్సరం డిసెంబరులో పారిస్ బిషప్పు ఎటియెన్ టాంపియే 13 ప్రతిపాదనలను నిషేధించాడు. వాటిలో మొదటిది మనుషులందరి బుద్ధి ఒక్కటే అన్నది. 1277లో ఈయన మరొకమారు 219 ప్రతిపాదనలను నిషేధించాడు.

ప్లోటినస్

నవ్యప్లేటోవాదానికి ఆద్యుడైన ప్లోటినస్ (సుమారు 205 - 270) దర్శనంలో మూడు మూలతత్వాలు ఉన్నాయి. అవి ఏకం, నూస్, ఆత్మ. సూర్యుని నుండి వెలుగు వలె ఏకం నుండి నూస్, నూస్ నుండి ఆత్మ వెలువడతాయి. ప్లేటో చెప్పిన ఆదర్శరూపాలన్నీ నూస్ వెలుపల కాక, నూస్ లోపలే ఉన్నాయని ప్లోటినస్ అభిప్రాయం. నూస్‌లో తెలుసుకొనేవాడు, తెలియబడేది ఒక్కటే అయినా, ఆ రెండింటి భేదం సూక్ష్మంగా మిగిలే ఉంటుంది. అందువలన ఏ భేదమూ లేని ఏకం నూస్‌కు కూడా అతీతమైనది.

పర్షియా, భారతదేశాల తత్వాలను తెలుసుకోవాలనే కోరికతో ప్లోటినస్ 243లో రోమన్ చక్రవర్తి మూడవ గోర్డియన్ దండయాత్రలో చేరాడని శిష్యుడు పోర్ఫిరీ వ్రాశాడు. చక్రవర్తి మెసొపొటేమియాలో మరణించడంతో ప్లోటినస్ అంటియోకుకు తప్పించుకొని, తరువాత రోముకు చేరాడు. భారతదేశానికి ఆయన రాలేదు.

క్రైస్తవ గ్రంథాలలో

గ్రీకు కొత్త నిబంధనలో నూస్ అనే పదం 24 మార్లు కనిపిస్తుంది. వీటిలో 21 పౌలు పేరుతో ఉన్న లేఖలలోనివి. రోమీయులకు వ్రాసిన లేఖ 12వ అధ్యాయంలో విశ్వాసుల నూస్ నూతనం కావాలని చెప్పిన చోట తెలుగు బైబిలు "మనస్సు" అనే పదాన్ని వాడింది. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో మృగం సంఖ్యను లెక్కించే సందర్భంలో అదే నూస్‌ను "బుద్ధి"గా అనువదించింది. మెటానోయా అనే పదానికి తెలుగు బైబిలులో స్థిరపడిన "మారుమనస్సు" అనే మాట గ్రీకు పదనిర్మాణానికి చాలా దగ్గరగా ఉన్నది.

తూర్పు ఆర్థొడాక్స్ సంప్రదాయంలో నూస్ అంటే దైవాన్ని దర్శించే ఆత్మనేత్రం. చెదిరిపోయిన నూస్‌ను ప్రార్థన ద్వారా హృదయంలోకి మరల్చడం ఆ సాధకుల లక్ష్యం. ఈ బోధనల సంకలనమైన "ఫిలోకాలియా" 1782లో వెనిస్ నగరంలో ముద్రింపబడినది.

భారతీయ భావనలతో పోలిక

నూస్‌ను తెలుగులో సాధారణంగా "మనస్సు" లేదా "బుద్ధి" అని అనువదిస్తారు. భారతీయ దర్శనాలలో ఈ రెండూ వేరు. సంకల్పవికల్పాలు చేసేది మనస్సు, నిశ్చయించేది బుద్ధి. ఈ విభజనలో నూస్ బుద్ధికే దగ్గరగా ఉంటుంది.

* కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు పగ్గాలు, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. ప్లేటో రథంలో సారథి ఉన్నాడు గాని, అతనికంటే వేరైన రథికుడు లేడు. బుద్ధికి అతీతమైన సాక్షి అనే భావన అక్కడ కనిపించదు.
* సాంఖ్యదర్శనంలో ప్రకృతి నుండి మొదట పుట్టేది మహత్తు లేదా బుద్ధి. అనాక్సాగోరస్ నూస్‌కు ఇది సమానమని తోచవచ్చును. కాని సాంఖ్యంలో బుద్ధి స్వతహాగా జడం, చైతన్యం పురుషునిది. అనాక్సాగోరస్ నూస్ తానే ఎరుక గలది, పదార్థానికి వెలుపలిది.
* న్యాయదర్శనంలో మనస్సు అణుపరిమాణం గల అంతరింద్రియం. అందుకే ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు కలుగవు. నూస్‌కు ఈ లక్షణాన్ని గ్రీకులు చెప్పలేదు.

ఆధునిక కాలంలో

లాటిన్ రచయితలు నూస్‌ను "మెన్స్", "ఇంటెలెక్టస్" అని అనువదించారు. ఆంగ్లంలోని "ఇంటెలెక్ట్" అనే పదం ఈ మార్గంలోనే వచ్చినది. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1781లో ప్రచురించిన "శుద్ధబుద్ధి విమర్శ"లో వాడిన "నౌమెనాన్" (ఇంద్రియాలకు అందక బుద్ధిచే మాత్రమే భావింపబడేది) నోఎయిన్ క్రియ నుండి ఏర్పడినది. ఎడ్మండ్ హుస్సెర్ల్ 1913లో నోఏసిస్, నోఏమా పదాలను తన చైతన్య విశ్లేషణలో పారిభాషిక పదాలుగా స్వీకరించాడు. 1920లలో టేయార్ ద షార్డాన్, ఎడ్వార్ లె రాయ్, వెర్నాద్‌స్కీ మానవుల ఆలోచనతో ఏర్పడిన భూమండలపు పొరకు "నూస్ఫియర్" అని పేరు పెట్టారు.

బ్రిటిష్ ఆంగ్ల వ్యవహారంలో "నౌస్" అంటే ఇంగితజ్ఞానం, లోకజ్ఞానం. ఆధునిక గ్రీకు భాషలో "నూస్" నేటికీ మనసుకు వాడుక పదం. "నీ నూస్‌ను దగ్గర ఉంచుకో" అని గ్రీకులు అంటే "జాగ్రత్తగా ఉండు" అని అర్థం. ఎదుట ఉన్నదానిని పసిగట్టడమనే హోమర్ కాలపు అర్థం ఈ వాడుకలో ఇంకా నిలిచి ఉన్నది.

ఇవి కూడా చూడండి

* అనాక్సాగోరస్
* ప్లేటో
* అరిస్టాటిల్
* ప్లోటినస్
* ఇబ్న్ రుష్ద్
* కఠోపనిషత్తు
* సాంఖ్య దర్శనం
* మనస్సు